తుక్కు యార్డుకి నూరు గజాల ఇవతల

ఆ వీధి చివర పాత బళ్ళని తూకానికి కొనే తుక్కు యార్డు ఉంది. దానికి సరిగ్గా నూరు గజాల ఇవతల, టీకొట్టు ముందుకొచ్చేసరికి, నర్సమ్మ వాళ్ళ వ్యాను బుస్సుమని ఓ నల్లటి పొగ వదిలి ఆగిపోయింది.

"పోయే చోటికి కూడా తిన్నగా పోనంటోంది," అన్నాడు ఆమె భర్త, స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండానే.

ఆయన ముప్పై రెండేళ్ళు బస్సు నడిపి దిగినవాడు. ఆమె దాదాపు అన్నేళ్ళూ ఆసుపత్రిలో నర్సుగా ఛాతీ జబ్బుల వార్డు చూసుకుంది. ఆయన తెల్లవారుజామున బండి ఎక్కితే ఈవిడ రాత్రి డ్యూటీ దిగి వచ్చేది. ఇంటి తాళంచెవి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి గుమ్మంలోనే మారేది. కూర ఎక్కడుందో, పాలు తోడుపెట్టారో లేదో, అన్నీ గోడమీద సుద్దముక్కతో రాసుకునే సంసారం. రిటైరయ్యాక ఇద్దరి డబ్బూ కలిపి, ఒక పాత డీజిల్ వ్యాను కొన్నారు. లోపల మంచం, రెండు బర్నర్ల పొయ్యి, కుళాయి, కిటికీలకి ఆమె కుట్టిన కర్టెన్లు. ఒకే కప్పు కింద, ఒకే వేళప్పుడు, ఇద్దరూ మెలకువగా ఉండటం అంటే ఎలా ఉంటుందో వాళ్ళకి తెలిసింది ఆ వ్యానులోనే. ఆయన గురక పెడతాడని ఆమెకి తెలిసింది కూడా అందులోనే.

ఏడాది బాగానే తిరిగారు. ఆ తర్వాత, నాలుగు నెలల కిందట, మొదలైంది తంటా. ఎత్తు ఎక్కాలంటే బండికి బద్ధకం. తొక్కితే పొగ. ముందు అద్దం కింద ఏదో పసుప్పచ్చ దీపం. నగరంలో అద్దాల గోడలున్న పెద్ద గ్యారేజీకి తీసుకెళితే, వాళ్ళు కంప్యూటరు తగిలించి, చల్లని గదిలో కూర్చోబెట్టి, ఒక కాయితం చేతిలో పెట్టారు. ఇంజిను మార్చాలి, ఇంజినుకి గాలి ఊదే టర్బో మార్చాలి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలి. మొత్తం కూడితే వ్యాను కొన్న ధరలో సగం పైచిలుకు. ఆ కాయితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వారంరోజులుగా అది అక్కడే ఉంది. రాత్రి చొక్కా మారిస్తే కాయితం కూడా కొత్త చొక్కాలోకి మారుతోంది. నిన్న సాయంత్రం, "ఇచ్చేద్దాం," అన్నాడు. ఆమె సరే అంది.

యార్డు గేటుకి తాళం ఉంది. మూడింటికి తెరుస్తారని టీకొట్టు అక్క చెప్పింది. అప్పటికి రెండే అయింది.

"కూచోండమ్మా, ఎండలో ఎందుకు?" అంటూ బల్ల తుడిచింది.

రేకుల కింద రెండు బల్లలు. ఒకదాని మీద పక్కనున్న పంక్చర్ షాపతను ఒళ్ళో ట్యూబు పెట్టుకుని గరుకు కాయితంతో రుద్దుకుంటున్నాడు. రెండోదాని మీద, గోడకి వీపు ఆనించి, అరవై దాటిన మనిషి ఒకడు గ్లాసు చేత్తో పట్టుకుని కాలుమీద కాలేసుకుని ఉన్నాడు. ఎదురుగా ఉన్న షెడ్డు ఆయనదే. డీజిల్ ఇంజిన్ల మేస్త్రి. వీధిలో అందరూ కోతల మేస్త్రి అంటారు, ఆయన ఎదుటే అంటారు, ఆయన పలుకుతాడు కూడా.

మేస్త్రి వ్యానుని ముక్కు నుంచి తోకదాకా ఒకసారి చూశాడు.

"తుక్కుకేనా?"

"ఊఁ," అన్నాడు నర్సమ్మ భర్త.

"ఎవరు చెప్పారు పోయిందని?"

ఆయన జేబు తట్టాడు. మేస్త్రి ఆ కాయితం అడగలేదు. గ్లాసులో టీ అటూ ఇటూ తిప్పి, "ఇట్లాంటి కాయితాలు నేను చాలా చూశాను సార్," అన్నాడు.

పంక్చరతను ట్యూబు మీంచి తలెత్తకుండానే, "అక్కా, ఇంకో రెండు టీలు పెట్టు. మా బావ మొదలెట్టాడు," అన్నాడు.

"మొదలెట్టడం ఏంట్రా, జరిగింది చెబుతున్నా. అమ్మా, సరిగ్గా ఇట్లాంటి వ్యానే, ఇరవై ఏళ్ళ కిందట మాట. నేను ఇదే బల్లమీద, ఇట్లాగే కూచుని టీ తాగుతున్నాను. ఆ మూల మలుపు ఉందే, అది ఇంకా తిరగలేదు బండి, నా కంటికి ఇంకా కనపడనే లేదు, చప్పుడు మాత్రం వినపడింది. విన్నాను. గ్లాసు కింద పెట్టి, 'చెల్లెమ్మా, వచ్చే బండికి మూడో సిలిండరు కుంటుతోంది' అన్నాను. అడగండి ఆవిడని!"

"అన్నాడమ్మా," అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా గిన్నె ఎత్తుతూ. "అప్పటికి నేనింకా ఈ కొట్టు పెట్టలేదు గానీ, అనే ఉంటాడు."

నర్సమ్మకి నవ్వొచ్చింది. వారంరోజుల తర్వాత వచ్చిన నవ్వు. భర్త వంక చూసింది. ఆయన యార్డు గేటుకేసి చూస్తున్నాడు.

"సరే, బండి వచ్చి ఆగింది. దిగాడు పెద్దమనిషి. వెనక భార్య, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. ఆయన చేతిలో కాయితం, మీ సార్ జేబులో ఉన్నదానికంటే బారెడు పొడుగు. ఇంజిను పోయింది, టర్బో పోయింది, గేరుబాక్సు పోతుంది, అంటే ఇంకా పోలేదు, పోబోతుందని ముందే రాసిపెట్టారు! ఆ ఖర్చుకి ఒక ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకోవచ్చు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనన్నాను, 'అయ్యా, ముందు అందరూ నోళ్ళు మూసుకోండి, బండిని మాట్లాడనివ్వండి'. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని, మొన ఇంజిను మీద, పిడి నా చెవిలో. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది నర్సమ్మ.

"నాలుగు ఇంజెక్టర్లూ నాలుగు గొంతులతో వినపడ్డాయమ్మా. మొదటిది పర్లేదు, రెండోది పర్లేదు, మూడోది దగ్గుతోంది, నాలుగోది మూడోదాన్ని చూసి జాలిపడుతోంది. ఇంకాస్త చెవి ఒత్తాను. డీజిల్ ట్యాంకు వినపడింది. అందులో నీళ్ళు కలిశాయి. ఎన్ని చుక్కలనుకున్నారు? పదిహేడు."

"లెక్కపెట్టావా బావా?"

"చెవికి వినపడుతుంటే లెక్కపెట్టేదేంట్రా! ఫిల్టరు కింద మర విప్పి వదిలితే, ఒకటి, రెండు, మూడు... పదహారు పడ్డాయి. ఆయన 'పదిహేడన్నావే' అన్నాడు. 'ఆగండి సార్' అన్నాను. టప్. పదిహేడు."

చెబుతూ చెబుతూ వేళ్ళతో చుక్కలు రాలుస్తున్నాడు. నర్సమ్మ ఆ చేతులు చూసింది. కణుపుల మీద తెల్లటి మచ్చలు, ఒక వేలు కొంచెం వంకర, గోళ్ళు మాత్రం శుభ్రం. ఇంకోటి కూడా చూసింది. ఎంత చెప్పినా ఆయన కళ్ళు మాటిమాటికీ వాళ్ళ వ్యాను కిందికే పోతున్నాయి, ఇంజిను ఉన్న వైపుకి. వార్డులో కొందరు పెద్ద డాక్టర్లు అంతే. రోగితో క్రికెట్ కబుర్లు చెబుతూ రొమ్ము ఎగిసిపడే తీరు చూసేవాళ్ళు.

"నీళ్ళు పోయాయి. ఇక మసి. డీజిల్ బళ్ళకి పొగ గొట్టంలో మసి పట్టి ఉంచే ఫిల్టరు ఒకటి ఉంటుందమ్మా, సంసారంలో అత్తగారి లాంటిది, అందరి మురికీ తన కడుపులో పెట్టుకుంటుంది, నిండిందంటే మాత్రం ఇల్లు కదలనివ్వదు. అది విప్పి, అదిగో, ఆ రాతిమీద ఒక్కసారి తట్టాను. ఒక్కసారే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నం పన్నెండింటికి ఊరు చీకటైపోయింది. కోళ్ళు గూళ్ళకెళ్ళిపోయాయి. బళ్ళో పిల్లలు సాయంత్రమైందనుకుని సంచులు సర్దుకుని ఇళ్ళకొచ్చేశారు. హెడ్మాస్టరు తగాదాకొచ్చాడు. నేనేం చేశాను? ఆ మసంతా ఊడ్చి, డబ్బాలకెత్తి, ఆయన చేతిలోనే పెట్టాను. ఊళ్ళో ఏ స్కూల్లోనూ రెండేళ్ళు నల్లబల్లలకి రంగు కొనలేదు!"

"ఆ మిగిలింది నాకివ్వకపోయావా అన్నా, పెనం అడుగుకి పూసుకునేదాన్ని," అంది టీకొట్టు అక్క.

"నీ పెనానికి అది ఎప్పుడో ఉంది చెల్లెమ్మా. వినండి, అసలైంది ఇప్పుడే. ఇంజిను తిప్పుతుంటే టప్పుమంది. టైమింగు బెల్టు. అది తెగిందంటే డీజిల్ ఇంజిను లోపల వాల్వులు, పిస్టన్లు తలలు బాదుకుని చస్తాయి. అప్పుడు నిజంగానే ఇంజిను మార్చాలి, అది మాత్రం కోత కాదు సార్, ఎవరి బండైనా సరే, బెల్టు వయసు అడిగి తెలుసుకోవాలి. అయితే తెగుతుంటే నేను చూశాను. తెగి కింద పడేలోగా, నా ప్యాంటు బెల్టు లాగి చక్రాలకి వేసేశాను. ఇంజిను ఒక్క తిప్పు కూడా తప్పలేదు."

"మరి ప్యాంటో?" అన్నాడు నర్సమ్మ భర్త.

అందరూ ఆయనకేసి తిరిగారు. మేస్త్రి మొహం వెలిగిపోయింది.

"ఎడం చేత్తో పట్టుకున్నాను సార్! మిగతా పనంతా కుడిచేత్తోనే. సాయంత్రందాకా. ఇప్పటికీ ఆ బండి నా బెల్టు మీదే నడుస్తోంది. అప్పుడప్పుడు ఆ పెద్దమనిషి ఉత్తరం రాస్తాడు, 'మేస్త్రీ, ఒక చిల్లు బిగించాను' అని."

నర్సమ్మ గ్లాసు పక్కనపెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనించి ఒక చిన్న చప్పుడు వినపడింది. ఆమె భర్త ముక్కులోంచి నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని నాలుగు నెలలైంది.

మేస్త్రికి ఇక పట్టపగ్గాల్లేవు. బల్లమీంచి లేచి నిలబడ్డాడు.

"మసి పోయింది, నీళ్ళు పోయాయి, బెల్టు పడింది. ఇక టర్బో గాలి పీల్చడం మొదలెట్టింది చూడండీ! నాలుగేళ్ళు ఊపిరాడని మనిషి కొండగాలి పీలిస్తే ఎట్లా ఉంటుంది? వీధిలో దండేల మీద ఆరేసిన బట్టలన్నీ వచ్చి బానెట్‌కి అతుక్కున్నాయి. వీడి షాపు ముందున్న ట్యూబులు దొర్లుకుంటూ వచ్చాయి. ఆకాశంలో పోతున్న కొంగ ఒకటి వెనక్కి ఎగరడం మొదలెట్టింది. బండిని కరెంటు స్తంభానికి కట్టేశాను. స్తంభం కూడా రెండడుగులు ముందుకొచ్చింది, చూడండి కావాలంటే, ఇప్పటికీ వంగే ఉంది!"

స్తంభం నిజంగానే వంగి ఉంది.

"దానికి లారీ గుద్దింది," అన్నాడు పంక్చరతను.

"లారీ గుద్దింది ఇటు వంచడానికి, అంతకుముందు అటు వంగి ఉండేది! ఇక బండి నడిపి చూడాలి కదా. పెద్దమనిషి పక్కన, పిల్లలు వెనక, ఆయన భార్య పొయ్యిమీద పాలు పెట్టింది. కొండదారి పట్టాం. మొదటి గేరులో లారీని దాటాం, రెండో గేరులో రైలుని దాటాం, మూడో గేరు వేస్తే మా పొగని మేమే దాటేశాం, వెనక్కి చూస్తే పొగ కొండ కింద నించుని మమ్మల్ని వెతుక్కుంటోంది. పొయ్యిమీద పాలు ఒక్క చుక్క తొణకలేదు. కొండ ఎక్కి, దిగి, ఏరు దాటి, వంతెన ఉందా లేదా చూసుకునే తీరిక లేదు, తిరిగి ఇక్కడికొచ్చి ఆగి గడియారం చూసుకుంటే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయల్దేరింది పన్నెండింటికి. తిరిగొచ్చింది పదకొండున్నరకి!"

టీకొట్టు అక్క చప్పట్లు కొట్టింది. "అయ్యో, అయితే నువ్వు బయల్దేరేది నువ్వే చూసి ఉంటావే!"

"చూశాను. చెయ్యి ఊపాను కూడా. మర్నాడు ఆ ఇంజిను తయారుచేసిన కంపెనీవాళ్ళు విమానంలో దిగారు. పన్నెండుమంది ఇంజనీర్లు, అందరూ కోట్లు. వరసగా నించుని, 'మేస్త్రి గారూ, మాకు నేర్పండి' అన్నారు. రమ్మన్నారు, బంగళా ఇస్తామన్నారు. నేనే వెళ్ళలేదు. నేను వెళితే వీడి పంక్చర్ షాపుకి పక్కన దిక్కెవరు? చివరికి ఆ పెద్దమనిషి దగ్గర నేను తీసుకుందెంతో తెలుసా అమ్మా? ఒక్క క్లిప్పు ధర. ఇంత రబ్బరు గొట్టానికి బిగించే క్లిప్పు."

కూచున్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

నర్సమ్మ అంతసేపూ నవ్వుతూనే ఉంది. అయితే ఆ చివరి మాట దగ్గర ఆమెకి ఏదో తట్టింది. కొంగలు, రైళ్ళు, విమానాలు అన్నీ చేతులూపుతూ చెప్పిన మనిషి, క్లిప్పు మాట మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు. రోగి అబద్ధాల మధ్య ఒక నిజం చెబితే ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది.

"మేస్త్రి గారూ, ఇంతకీ ఆ బండికి నిజంగా వచ్చిన జబ్బేంటి?" అంది.

మేస్త్రి ఖాళీ గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"నేను చెప్పనా బావా?" అన్నాడు పంక్చరతను. ట్యూబు ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు.

"నీకెందుకురా?"

"ఇరవై ఏళ్ళు విన్నాను, ఒక్కసారి నన్ను చెప్పనీ. అమ్మా, కొండా లేదు, ఏరూ లేదు. ఆ బండి ఇదే షెడ్డులో పదకొండు రోజులుంది. మొదటి తొమ్మిది రోజులూ మా బావకి జబ్బేంటో అంతుచిక్కలేదు. మూడో సిలిండరు అన్నాడు, ఇంజెక్టరు మార్చాడు. తగ్గలేదు. ఇంకోటి మార్చాడు. చివరికి నాలుగూ మార్చాడు. వాళ్ళు పిల్లల్ని పెట్టుకుని ఆ బండిలోనే, ఈ వీధిలోనే ఉన్నారు, మా అక్కే, అంటే ఈయన భార్యే, వాళ్ళకి అన్నం వండి పంపేది. పదోరోజు తెలిసింది. టర్బో నుంచి ఇంజినుకి గాలి వెళ్ళే రబ్బరు గొట్టం, కింద కనపడని చోట చిరిగింది. గొట్టం, క్లిప్పు, రెండూ కలిపి నాలుగు టీల ఖరీదు."

టీకొట్టు అక్క పాలగిన్నె దించి పక్కన పెట్టింది.

"ఆ పెద్దమనిషికి ఏమీ తెలియదు. ఇంజెక్టర్లు మార్చాక బాగైందనే అనుకునేవాడు. దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. మా బావే పిలిచి చెప్పాడు, 'అయ్యా, మీ ఇంజెక్టర్లు నాలుగూ బాగానే ఉన్నాయి, నాకు తెలియక మార్చాను' అని. ఆ డబ్బంతా తిరిగిచ్చాడు. ఎక్కడిది అంత డబ్బు? స్కూటరు అమ్మాడు. రెండేళ్ళు మా అక్కని సైకిలు వెనక కూచోబెట్టుకుని తిప్పాడు. ఒక్క క్లిప్పు ధర తీసుకున్నాడన్నది ఒకటే నిజం అందులో. ఆ ఒక్కటే ఎందుకు తీసుకున్నాడో మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

మేస్త్రి ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు. అరగంట వీధంతా తానే అయి నిలబడిన మనిషి ఇప్పుడు బల్లమీద కొంచెమే చోటు పట్టాడు.

"తొమ్మిది రోజులు కాదు," అన్నాడు చివరికి. "తొమ్మిదిన్నర."

నర్సమ్మ ఆయనవైపు తిరిగి కూచుంది.

"మేస్త్రి గారూ, నేను చాలామంది డాక్టర్లతో పనిచేశాను," అంది. "'నాకు అంతుచిక్కలేదు, తప్పు మందు ఇచ్చాను' అని రోగి ముందు చెప్పినవాళ్ళు ముగ్గురే. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆ ముగ్గురి దగ్గరికే తీసుకెళ్ళాను."

ఆమె భర్త జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి, బల్లమీద, మేస్త్రి గ్లాసు పక్కన పెట్టాడు.

మేస్త్రి తాళంచెవి చూశాడు, తర్వాత యార్డు గేటు చూశాడు. "మాట ఇవ్వను సార్. గొట్టం కావచ్చు, మసి ఫిల్టరు కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు. చిన్నదాంతో మొదలెట్టి పెద్దదానికి పోతాను. ఇంజిను అన్న మాట చిట్టచివర. ఒకవేళ అదే అయితే అదేనని నేనే చెబుతాను."

"చెబుతారని తెలుసు," అన్నాడు ఆయన.

బానెట్ ఎత్తారు. ఆమె భర్త లోపల కూచుని, చెప్పినప్పుడల్లా తొక్కుతున్నాడు. మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవరు నిజంగానే చెవికి పెట్టుకున్నాడు. ఇప్పుడు చుక్కలూ లేవు, గొంతులూ లేవు. మొహం ముడుచుకుని ఒక్కో చోటే పెట్టి వింటున్నాడు. నర్సమ్మ పక్కనే వంగి నిలబడింది. ఇంజిను రొదలో ఆమెకి మొదట ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుంది. వార్డులో, అర్ధరాత్రి, ఇరవై మంచాల మధ్య, ఎవరి రొమ్ములో ఏం జరుగుతోందో వింటూ నడిచిన అలవాటు అది.

"పిల్లికూత," అంది.

"ఏంటమ్మా?"

"ఉబ్బసం ఉన్నవాళ్ళకి వస్తుందే, ఆ పిల్లికూత. ఆయన తొక్కినప్పుడే వస్తోంది, వదిలితే ఆగిపోతోంది. ఎడమవైపు, బాగా కిందనుంచి."

మేస్త్రి స్క్రూడ్రైవరు దించి ఆమె చూపించిన వైపు చెవి పెట్టాడు. భర్త ఇంకోసారి తొక్కాడు. సన్నగా, ఈల కంటే సన్నగా. మేస్త్రి అట్టముక్క పరిచి వ్యాను కిందికి దూరాడు. "ఒరేయ్, నీ సబ్బునీళ్ళు పట్రా," అని కిందనుంచి కేకేస్తే, పంక్చరతను ట్యూబులు ముంచే సబ్బునీళ్ళు తొట్టితో సహా తెచ్చి అందించాడు. నర్సమ్మ కూడా మోకాళ్ళ మీద కూచుని చూసింది. నల్లటి రబ్బరు గొట్టం అడుగున నీళ్ళు చల్లి, "తొక్కండి సార్!" అంటే, బుడగలు బుసబుసమంటూ పొంగాయి. ఇంజిను ఊరుకున్నప్పుడు ఆ చీలిక పెదవులు మూసుకుని ఉంటోంది. గాలి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటోంది.

మేస్త్రి కిందనుంచి తల బయటపెట్టాడు. మొహమంతా మసి.

"చెప్తాను వినండి," అన్నాడు నెమ్మదిగా. "గొట్టం, క్లిప్పులు, చిల్లర ఖర్చు. గాలి అందక ఇంజిను మసి ఎక్కువ కక్కింది. అది ఫిల్టరులో పూడుకుంది, ఆ పసుప్పచ్చ దీపం అందుకే. భయపడి ఈ మధ్య దూరం పోలేదా?"

"నాలుగు నెలలుగా పోలేదు. ఊళ్ళోనే కూరలకీ, మందులకీ," అంది నర్సమ్మ.

"అదే ఇంకా చెరిపింది. బాగా వేడెక్కేలా దూరం నడిస్తే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. కాలకపోతే విప్పి కడుగుతాను, దానికి కొంత అవుతుంది. ఇక టైమింగు బెల్టు. బానెట్ ఎత్తినప్పుడే దాని మూత మీద తేదీ చూశాను. వయసైపోయింది. అది మార్చాలి, అది ఖర్చే, దాచను. అన్నీ కలిపినా మీ కాయితంలో రాసినదాంట్లో ఇరవయ్యో వంతు దాటదు. ఇంజెక్టర్ల జోలికి నేను పోను."

ఆమె భర్త జేబులోంచి ఆ నాలుగు మడతల కాయితం తీసి, విప్పకుండానే మేస్త్రికి ఇచ్చాడు. మేస్త్రి దాంతో చేతులు తుడుచుకున్నాడు.

గొట్టం బిగించడం అవుతుండగా మూడు దాటింది. యార్డతను గేటు తెరిచి, భోజనం చేసిన బద్ధకంతో చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు. వ్యాను చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్నాడు.

"తూకానికి ఇస్తానన్నది మీరేనా? లోపల సామాను తీసేయండి. మంచం, పొయ్యి, అవన్నీ నాకొద్దు."

నర్సమ్మ భర్త చేతులు దులుపుకుంటూ లేచి నిలబడ్డాడు.

"కాలితో తన్నకండి," అన్నాడు. "అందులో మేం ఉంటున్నాం."

యార్డతను ఆ మనిషినీ, నల్లటి మొహంతో పక్కన నించున్న మేస్త్రినీ చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

బండి నడిపి చూడాలన్నాడు మేస్త్రి. ఊరి బయట రోడ్డు ఒక గుట్ట మీదికి ఎక్కుతుంది. ఆమె భర్త స్టీరింగు దగ్గర, ఆమె పక్కన, మేస్త్రి వెనక మంచం అంచున, పక్కగుడ్డలకి మసి అంటకుండా కింద పాతపేపరు వేసుకుని కూచున్నాడు. ఎత్తు మొదలైంది. నాలుగు నెలలుగా ఎత్తు వస్తే చాలు, బండి చచ్చుబడేది. ఆమె భర్త తొక్కాడు. వ్యాను ఊపిరి తీసుకుంది. తీసుకుని, ఎత్తుమీదికి, ఒకే గొంతుతో, ఆగకుండా ఎక్కుతూ పోయింది. అద్దంలో వెనక రోడ్డు తెల్లగా, పొగ లేకుండా కనపడుతోంది. పసుప్పచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఫిల్టరులో మసి ఇంకా కాలాలి. ఆమె భర్త ఎడమచెయ్యి స్టీరింగు మీంచి తీసి ఆమె చేతిమీద పెట్టాడు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపినవాడు, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలని అందరికీ చెప్పేవాడు.

గుట్టమీదికి చేరినా వెనకనుంచి చప్పుడు లేదు. మేస్త్రి నిద్రపోయాడేమోనని నర్సమ్మ తిరిగి చూసింది. నిద్రపోలేదు. తల కొంచెం పక్కకి వంచి, ఇంజిను వింటూ కూచున్నాడు.

"ఏం మేస్త్రి గారూ, ఒక్క మాటా లేదేం?"

మేస్త్రి ఉలిక్కిపడి, కొంచెం సిగ్గుగా నవ్వాడు.

"బాగైందమ్మా," అన్నాడు. "ఇక చెప్పడానికేముంది?"